మా అన్నయ్య కొట్టించిన నల్లరంగు

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు దేవుడు నాతో సరిపెట్టాడు. బండి కింద దూరితే గంటకి గానీ బయటికి రాడు. వచ్చినా "ఊఁ" అంటాడు, లేదంటే "ఊహూఁ" అంటాడు. పాత జీపుల వాళ్ళు ఆయన్ని వాసన మేస్త్రి అని పిలుస్తారు. కారిన నూనె వేలికి రాసుకుని వాసన చూసి, ఇది ఇంజనుదో, గేర్లదో, బ్రేకుదో చెప్పేస్తాడు. గేర్ల నూనె కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఆ కంపుతో పదిహేడేళ్ళు కాపురం చేశాను కాబట్టి ఆ ఒక్కటీ నేనూ చెప్పగలను.

ఆ పదిహేడేళ్ళలో పద్నాలుగేళ్ళు ఆయన మా అన్నయ్య షెడ్డులోనే పనిచేశాడు. షెడ్డు అన్నయ్యది, పనితనం మా ఆయనది. మూడేళ్ళ కిందట అక్కడే ఆయన పరువు పోయింది.

పశువుల డాక్టరమ్మకి ఒక పాత జీపు ఉంది, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే రకం. కొండదారుల్లో తిరగాలంటే ఆవిడకి అదే దిక్కు. దాని వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే గుండుకి మా ఆయన కొత్త ఆయిల్ సీలు, అంటే నూనె బయటికి కారకుండా ఆపే రబ్బరు చుట్టు, వేశాడు. పది రోజులకి నూనంతా కారిపోయి, గేర్లు పట్టేసి, బండి నడిదారిలో ఆగిపోయింది. అన్నయ్య పనివాళ్ళందర్నీ పిలిచి, మధ్యలో మా ఆయన్ని నిలబెట్టి, సీలు తిరగేసి వేశాడని తేల్చేశాడు. రోజూ "బావా" అని పిలిచేవాడు ఆ రోజు "ఏవయ్యా" అన్నాడు. రేపట్నించి రావద్దన్నాడు. మా ఆయన పానాలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాడు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నాకు కడుపు మండిపోయింది. తర్వాత కూడా అన్నయ్య ఇంటికి వెళ్ళాను, వదినతో నవ్వుతూ మాట్లాడాను, పిల్లల్ని ముద్దుచేశాను. లోపల మాత్రం పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను. మా ఆయన్ని ఎంతమంది ముందు తల వంచుకునేలా చేశాడో, అంతమంది ముందూ అన్నయ్య తల వంగాలి. నాకింకేం అక్కర్లేదు.

పోయిన నెల డాక్టరమ్మ అదే బండిని, మా ఆయన ఆ తర్వాత సొంతంగా పెట్టుకున్న రేకుల షెడ్డుకి తెచ్చింది. ఈ మూడేళ్ళలో అన్నయ్య నాలుగు సీళ్ళు మార్చాడట. అయినా కారడం ఆగలేదట. నాలుగూ తిరగేసే వేశాడేమో అడగమన్నాను. ఆవిడ నవ్వేసింది. నేను నవ్వలేదు.

మా ఆయన వెంటనే పానా పట్టలేదు. కారిన నూనె గాలికి వెనక్కి పాకుతుంది, చుక్క పడిన చోటే చిల్లు ఉండక్కర్లేదు. అందుకని ముందు ఇరుసంతా డీజిలుతో కడిగి, తుడిచి, ఆరబెట్టాడు. తర్వాత నా పౌడరు డబ్బా అడిగి సగం దాని మీద చల్లేశాడు. పెళ్ళైనప్పట్నించి నాకొక పౌడరు డబ్బా కొనిపెట్టింది లేదు గానీ, జీపుకి మాత్రం ముస్తాబు చేశాడు. చల్లగా ఉన్నంతసేపూ పౌడరు పొడిగానే ఉంది. బండిని గంటసేపు ఎగువదారిలో తిప్పుకొచ్చాక చూస్తే సీలు అంచు చుట్టూ తడి, రెండు చక్రాల దగ్గరా తడి. మూడు సీళ్ళూ ఒకేసారి పాడవుతాయా అని అడిగాను. "ఊహూఁ" అన్నాడు.

వేడి మీదే నూనె పోసే చోటి బోల్టు వదులు చేశాడు. లోపల్నించి బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. మా ఆయన ఇరుసు పైభాగమంతా వేలితో తడుముకుంటూ పోయి ఒకచోట ఆగాడు. నన్నూ పడుకుని చూడమన్నాడు. నల్లరంగు కింద మొటిమంత బుడిపె ఉంది.

అది ఇరుసుకి గాలాడే మూత. గేర్లు వేడెక్కితే లోపలి గాలి దాంట్లోంచే బయటికి పోవాలి. అది మూసుకుపోతే ఆ గాలి నూనెని సీళ్ళ మీదకి తోస్తుంది, ఎంత కొత్త సీలైనా కారి తీరుతుంది. తుప్పు పట్టకుండా బండి అడుగంతా మందంగా నల్లరంగు కొట్టించడం అన్నయ్య షెడ్డు గొప్ప. మా ఆయన సీలు వేసిన వారమే అన్నయ్య దగ్గరుండి ఈ బండికి కొట్టించాడు, మూతతో సహా.

మా ఆయన రంగు గీకబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. బోల్టు మళ్ళీ బిగించి, ఉన్నదున్నట్టు అన్నయ్య షెడ్డుకే తోలమన్నాను. డాక్టరమ్మ కూడా సరేనంది.

మేం వెళ్ళేసరికి పనివాళ్ళంతా అక్కడే ఉన్నారు. వాళ్ళని పేరుపేరునా నేనే పిలిపించాను అంటే అబద్ధం, వాళ్ళే మూగారు. మా ఆయన పానా అన్నయ్య చేతికిచ్చి, బోల్టు వదులు చెయ్యమన్నాడు. అన్నయ్య బొజ్జతో ఆపసోపాలు పడుతూ కిందకి దూరాడు. బుస్సుమంది. మా ఆయన అన్నయ్య వేలు పట్టుకుని బుడిపె మీద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషికి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. బయటికొచ్చి, తల ఎత్తకుండానే అన్నాడు.

"తప్పు నాదే బావా."

నా మనసు చల్లబడింది. ఇక ఇంటికి పోదామని చెప్పులు వేసుకుంటున్నాను. మా ఆయన కదల్లేదు.

"ఈ రంగు ఎన్ని బళ్ళకి కొట్టావు బావా?"

నలభై దాకా ఉంటాయన్నాడు అన్నయ్య. అన్నీ ఒకసారి ఊరికే చూసిపెడతానని మెసేజి పంపిస్తానన్నాడు.

"ఊహూఁ. నూనె చక్రాల్లోకి దిగితే బ్రేకులు పట్టవు. ఒక్కొక్కళ్ళకీ నువ్వే ఫోన్ చెయ్యి. నా పొరపాటు వల్ల మీ బండి చెడింది, తోలకండి, తీసుకురండి అని చెప్పు. ఇప్పుడే, ఇక్కడే చెప్పు."

పదిహేడేళ్ళలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినలేదు. పగ నా ఒక్కదానిదే అనుకున్నాను, ఆయనది నా పగ కంటే పెద్దదని అప్పుడు తెలిసింది.

అన్నయ్య నా వైపు చూశాడు. నేను స్టూలు లాక్కుని, షెడ్డులో ఉండే బళ్ళవాళ్ళ ఫోన్ నంబర్ల పుస్తకం తెరిచి కూర్చున్నాను. మొదటివాడు తిట్టాడు. నాలుగోవాడు బండిలో పిల్లల్ని బడికి తీసుకెళ్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు. పనివాళ్ళు పని మానేసి వింటున్నారు. పద్దెనిమిదో ఫోన్ అయ్యాక అన్నయ్య ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. "ఇక చాలు చెల్లీ" అన్నాడు.

గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగేదాకా ఆగి, పంతొమ్మిదో నంబరు చదివాను.