ఖాళీ గాడిలో శాక్సోఫోన్

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా నల్లగొండ వైపు బావి దగ్గర ఫలానా వాడికి ఏదో కనబడిందంటే, వాడికి జ్వరం వచ్చి ఉంటుందని చిన్నప్పుడే వాదించేవాణ్ణి. ఇప్పుడు యూనివర్సిటీలో జియాలజీ చెబుతున్నాను. రాళ్లతో బతికేవాడికి ఒక సుఖం ఉంది, రాయి లేనిపోనివి చెప్పదు. పిల్లలు నన్ను వెనకాల రాళ్ల సార్ అంటారని తెలుసు. ఆ పేరు నాకు బాగానే ఉంది.

నేను చెప్పబోయే దాంట్లో దయ్యం లేదు, పాడుబడ్డ ఇల్లు లేదు, అర్ధరాత్రి కూడా లేదు. తార్నాకలో మా ఫ్లాటు, పట్టపగలు, వంటింట్లో గిన్నెల చప్పుడు, అంతే. అయినా ఆ రోజు నుంచి నాకు లోపల ఏదో కుదురుగా లేదు. భయమా అంటే కాదు. పెద్ద కొండ కింద నిలబడి తలెత్తి చూసినప్పుడు మనం ఎంత చిన్నవాళ్లమో తెలుస్తుందే, అలాంటిది.

నాకున్న ఒకే ఒక్క పిచ్చి జాజ్ రికార్డులు. అందరికీ తెలిసిన పెద్ద పేర్లు కావు. ఎక్కడో ఏదో ఊళ్లో కొద్ది కాపీలు వేసి మూతపడ్డ చిన్న కంపెనీల రికార్డులు. మౌలాలి వైపు పాత ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాల వాళ్లు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది పెట్టెలు బయటికొచ్చేవి. నల్లకుంటలో పాత సామాన్లు అమ్మే ఒకాయన, అలాంటివి తన చేతికి వస్తే నాకు ఫోన్ చేసేవాడు.

విదేశాల్లో ఇలా మరుగున పడ్డ రికార్డులను వెతికి, స్టూడియోలో చేసిన అసలు టేపు దొరికితే దాన్నుంచి మళ్లీ కొత్తగా వేసే వాళ్లున్నారు. దాన్ని రీఇష్యూ అంటారు. నాలాంటి వాళ్లు పాతదీ ఉంచుకుంటారు, కొత్తదీ తెప్పించుకుంటారు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తేడాలు వింటారు. ఈ మాట మామూలు మనుషులకు చెబితే జాలిగా చూస్తారు.

మా ఆవిడ కరుణ ఆ జాలి కూడా పడలేదు. వాళ్లది తెనాలి దగ్గర. వాళ్ల నాన్న చర్చిలో పాటలు నేర్పేవారు. క్యాంపస్‌లో చదువుకునే రోజుల్లో పరిచయమై పెళ్లి చేసుకున్నాం. ఇక్కడే ఒక బళ్లో టీచరు. బడి సంగతి ఎలా ఉన్నా, ఆమె ప్రాణం మాత్రం చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో ఉండేది. ఆడవాళ్ల గొంతుల్లో కింది వరస ఆమెది, నిండుగా, కుండలో నీళ్లు కదిలినట్టు ఉండేది. నా సంగీతానికి ఆమె పెట్టిన పేరు పీపీ.

"మీ పీపీ మొదలుపెట్టారా? అయితే నేను వంకాయలు తరుక్కుంటా," అని వంటింట్లోకి పోయేది. ప్లేయరు దగ్గర ఒక్కరోజు కూర్చున్న పాపాన పోలేదు.

అలాంటి మనిషి ఒక్క రికార్డుకు మాత్రం వంటింట్లోంచే గొంతు కలిపేది. దాని అట్ట సగం చెదలు తినేసింది. శాక్సోఫోన్ వాయించే ఒకాయన, వెనక మరో ముగ్గురు. పేరు చెప్పినా లాభం లేదు, నేనే ఇంకెక్కడా వినలేదు. అందులో రెండో వైపు చివరి పాట పూర్తిగా ఉండదు. రికార్డు మీద చోటు చాలక కంపెనీ వాళ్లు మధ్యలోనే శబ్దం తగ్గించుకుంటూ పోయి మాయం చేసేశారు. ఆ తర్వాత సూది లేబుల్ పక్కనున్న ఖాళీ గాడిలో పడి టిక్, టిక్ అంటూ తిరుగుతుంది. నా ప్లేయరు పాతది, దానంతటది ఆగదు, మనమే లేచి సూది ఎత్తాలి. నేను బద్ధకస్తుణ్ణి కాబట్టి అది చాలాసేపు అలా తిరుగుతూనే ఉండేది.

సరిగ్గా అక్కడే, పాట మాయమైన చోట, కరుణ ఆగేది కాదు. కూనిరాగం అలాగే ముందుకు తీసుకెళ్లేది. పైకి పోయి, ఒక చోట మెలిక తిరిగి, కిందికి దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి ఆపేసి చిన్నగా నవ్వేది. మళ్లీ నాలుగు స్వరాలు పాడి, పనయ్యాక చేతులు దులుపుకున్నట్టు ముగించేది. ప్రతిసారీ అదే మెలిక, అదే నవ్వు, అదే ముగింపు.

"ఏందే కరుణా, పాట అయిపోయినంక గూడ పాడుతనే ఉంటవు?" అని వెక్కిరించేవాణ్ణి.

"అవనివ్వండి మరి," అనేది.

ఎప్పుడైనా నేను ముందుగా లేచి సూది ఎత్తేస్తే కసురుకునేది. "పూర్తిగా విననివ్వరు కదా మనిషిని!" అదంతా వేళాకోళం అనుకున్నాను. మొగుడూ పెళ్లాల మధ్య ఏది వేళాకోళమో ఏది కాదో ఎవరు తూకం వేసి చూస్తారు?

ఒకసారి మా అమ్మాయి స్నేహ హాస్టల్ నుంచి వచ్చినప్పుడు, వాళ్లమ్మ గారెలు వేస్తుంటే ఫోన్‌లో వీడియో తీసింది. హాల్లో ఆ రికార్డే తిరుగుతోంది. ఆ వీడియో సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

తర్వాత కరుణకు మెడ దగ్గర గడ్డ కనబడింది. థైరాయిడ్ అన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. ప్రమాదకరమైన గడ్డ కాదని తేలాక ఊపిరి పీల్చుకున్నాం. కానీ మత్తు దిగి ఆమె నన్ను పిలవబోతే గాలి వచ్చింది, గొంతు రాలేదు. మాటకు పనికొచ్చే సన్నని నరం ఒకటి ఆ గడ్డకు అతుక్కుపోయి ఉందట. తెగలేదు, నలిగింది. అందులో ఎవరి తప్పూ లేదు. డాక్టర్ దాచకుండా చెప్పారు. గొంతు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఎదురుచూడడం తప్ప చేసేదేమీ లేదు.

నెలలు గడిచాయి. గుసగుస దాటి ఒక్క మెట్టు పైకి రాలేదు. బడికి సెలవు పెట్టింది. ఆదివారాలు చర్చికి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేది. అందరూ పాడుతుంటే కనీసం పెదవులు కూడా కదిపేది కాదు. ఒకరోజు ఇంటికొచ్చి పాటల పుస్తకాన్ని బీరువా మీద, చెయ్యి అందనంత లోపలికి తోసేసింది.

ఆ రాత్రి కాబోలు, నా చెవి దగ్గరికి వచ్చి అంది. "నా గొంతు ఎలా ఉండేదో నేనే మర్చిపోతున్నానండీ."

నేను బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇంట్లో రికార్డులు పెట్టడం మానేశాను. ఆమె పాడలేని ఇంట్లో ఇంకెవరు పాడినా నాకు వినబుద్ధి కాలేదు.

అలాంటప్పుడు ఒక పార్శిల్ వచ్చింది. ఎప్పుడో ఆర్డరు పెట్టి మర్చిపోయిన రీఇష్యూ. ఆ చెదలు తిన్న రికార్డే, కొత్త అట్టలో. ఆనాడు రికార్డు చేసిన ఇంజనీరు చనిపోయాక ఆయన ఇంటి కింది గదిలో టేపు దొరికిందని, అన్నేళ్లూ దానికి వేసిన సీలు ఎవరూ విప్పలేదని, చివరి పాట పూర్తిగా బయటికి రావడం ఇదే మొదటిసారని అట్ట వెనక రాశారు. నేను చదివి అల్మారాలో పెట్టేశాను. కరుణే దాన్ని తీసి నా ముందు పెట్టింది.

"పెట్టండి. ఇల్లు మరీ మూగగా ఉంది," అంది గుసగుసగా.

ఆదివారం భోజనాలయ్యాయి. ఆమె గిన్నెలు కడుగుతోంది. నేను రెండో వైపు పెట్టాను. చివరి పాట వచ్చింది, పాతదాంట్లో శబ్దం సన్నబడే చోటు వచ్చింది, ఇందులో సన్నబడలేదు. రికార్డులు పోగేసే వాడికి అంతకు మించిన పండగ లేదు. కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను.

రెండు క్షణాల్లో ఆ సంబరం పోయింది. ఇది నాకు తెలుసు. శాక్సోఫోన్ పైకి పోతోంది. ఇప్పుడు మెలిక తిరుగుతుంది అనుకున్నాను, తిరిగింది. కిందికి దిగుతుంది అనుకున్నాను, దిగింది. అంతలో స్టూడియోలో డ్రమ్ములతో వాయించే ఇత్తడి తాళం ఏదో కింద పడ్డట్టు పెద్ద చప్పుడు, శాక్సోఫోన్ ఆగిపోయింది, వాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు. మళ్లీ నాలుగు స్వరాలు, ముగింపు. ఇన్నేళ్లూ మా వంటింట్లోంచి నేను విన్నది పొల్లుపోకుండా అదే. నవ్వుతో సహా.

అప్పుడు తెలిసింది, ఆ నవ్వు రెండు చోట్ల నుంచి వచ్చిందని. వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. కరుణ నాకు వీపు పెట్టి, సబ్బు నురగలో చేతులు పెట్టుకుని, చివరి నాలుగు స్వరాలు పాడుతోంది. బొంగురుగా ఉంది, మధ్యలో తెగుతోంది. కానీ అది గాలి కాదు, గొంతు. తను పాడుతున్నట్టు తనకే తెలియదు.

వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఏంటండీ అలా చూస్తున్నారు?"

ఆ మాట పైకి వచ్చింది. తడి చెయ్యి మెడ మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను ఏడుస్తున్నానని ఆమె నా మొహం తుడిచి, నా మొహం నిండా నురగ చేసింది.

గొంతు రావడం గురించి నాకు పేచీ లేదు. నలిగిన నరం నెలల మీద కోలుకుంటుందని, ఒకోసారి మనిషి ఆదమరిచి ఉన్నప్పుడే అది బయటపడుతుందని డాక్టర్ చెప్పారు. ఒప్పుకున్నాను. నాకు మింగుడు పడనిది వేరే ఉంది. ఆ సాయంత్రమే అడిగాను.

"ఆ పాట మిగతాది నీకెట్ల తెలుసు కరుణా?"

"ఎలా ఏంటండీ? మీరు పెడుతూనే ఉంటారుగా."

"పాతదాంట్ల గా ముక్క లేదే."

"లేకపోవడమేంటి? ఏదో కింద పడుద్ది, వాళ్లు నవ్వుతారు. నాకు నవ్వొచ్చేది అందుకేగా." నాకు మతి చలించిందేమో అన్నట్టు చూసింది.

నేను ఇన్నేళ్లూ ఆమె సొంతంగా అల్లి పాడుతోందనుకున్నాను. ఆమె మాత్రం రికార్డులో వినబడుతున్నదానికి గొంతు కలుపుతున్నాననుకుంది.

ఇద్దరిలో ఎవరిది భ్రమో తేల్చాలని అమ్మాయి తీసిన వీడియో వెతికాను. ఆపరేషన్‌కు చాలా ముందుది, అంటే కొత్త రికార్డు రాకముందుది. అందులో గారెల నూనె చిటపటలు ఉన్నాయి, పాట సన్నబడి మాయం కావడం ఉంది, ఖాళీ గాడి టిక్ టిక్ ఉంది. దాని మీద కరుణ కూనిరాగం ఉంది. శాక్సోఫోన్ లేదు.

మా యూనివర్సిటీలోనే భాషాశాస్త్రం వాళ్ల ల్యాబ్‌లో మనుషుల మాటల శబ్దాలు కొలిచే రఫీ నాకు స్నేహితుడు. ఎవరు ఏం చెప్పినా వెంటనే నమ్మే రకం కాదు. కరుణ కూనిరాగాన్ని, కొత్త రికార్డులోని శాక్సోఫోన్‌ను కంప్యూటర్ మీద ఒకదాని కింద ఒకటి గీతలుగా పెట్టించాను. కిందా మీదా ఒకే గీత గీసినట్టు ఉంది. చప్పుడు పడిన చోట ఆమె కూడా ఆగింది. రఫీ రెండు గీతలనూ మళ్లీ మొదటి నుంచి పోల్చి చూశాడు.

"వదిన ఇది ఎక్కడనో విని ఉంటది అన్నా," అన్నాడు చివరికి.

"ఎక్కడ వింటది? టేపు బయటికొచ్చిందే ఇప్పుడు."

"అయితే నన్ను అడగకు," అని చాయ్ తాగుదామని లేచాడు.

నేను అంతటితో వదల్లేదు. పాత రికార్డును మా డిపార్ట్‌మెంట్‌కు తీసుకెళ్లి, రాళ్లను పరీక్షించే మైక్రోస్కోపు కింద పెట్టాను. సంగీతం ఉన్న చోట గాడి వంకర్లు తిరిగి ఉంటుంది, లేని చోట నున్నగా ఉంటుంది. పాట చివర ఆ వంకర్లు సన్నబడి సన్నబడి నున్నగా అయిపోయాయి. దాని తర్వాత లేబుల్ దాకా ఏమీ లేదు. చెవి బాగున్నవాళ్లు రాగం ఎటు పోతుందో ఊహించగలరు, కాదనను. కింద పడబోయే తాళాన్ని ఎవరు ఊహించగలరు?

కొన్ని వారాలకు కరుణ గొంతు చాలావరకు తిరిగొచ్చింది. బీరువా మీది పుస్తకం నాతోనే దించుకుని దుమ్ము దులిపింది. క్వయర్‌లో తన చోట నిలబడింది. ఆ రోజు చర్చిలో నేను గర్వంతో ఉబ్బిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం, ఉండబట్టలేక, పాత రికార్డు పెట్టాను. ఆమె వంటింట్లో ఉంది. మామూలుగానే గొంతు కలిపింది. పాట సన్నబడింది, మాయమైంది. సూది ఖాళీ గాడిలో పడింది. దాంతోపాటే వంటింట్లో కూనిరాగం కూడా టక్కున ఆగిపోయింది.

"ఏవండీ, సూది ఎందుకు తీశారు? ఇంకా ఉందిగా?"

నేను కుర్చీలోంచి కదల్లేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రికార్డు తిరుగుతోంది, సూది దాని మీదే ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ ప్లేయరు మీదికి వంగి, చెవి దగ్గరగా పెట్టింది. టిక్, టిక్. ఆమె మొహంలో రంగు మారింది.

"ఇది ఎప్పుడూ ఇంతేనే," అన్నాను మెల్లగా. "ఇక్కడిదాంకనే ఉంటది."

తిరిగొచ్చిన ఆ గొంతుతోనే అడిగింది. "మరి ఇన్నాళ్లూ నాతో పాటు వాయించింది ఎవరండీ?"

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. ఆమె వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. సూది ఆ ఖాళీ గాడిలో తిరుగుతూనే ఉంది, తీయడానికి మా ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.