పార్థసారథి గారి ఫుట్‌రెస్టు

పార్థసారథి గారికి ఈ లోకంలో ఒకటే పట్టుదల. మలుపులో మోటార్ సైకిల్ వంగినప్పుడు, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు నేలకు తగలకూడదు. బియ్యం దొరక్కపోయినా, ఆఫీసులో ప్రమోషన్ ఇంకెవరికో పోయినా ఆయన చలించేవారు కాదు. మలుపులో "కర్ర్ర్" మని ఒక్క చప్పుడు వినబడిందా, ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు.

డెబ్బైల మొదట్లో ఆయన, భార్య పుణ్యవతి గారు నానక్‌రామ్‌గూడలో మా ఇంటి ముందు వాటాలో కిరాయికి దిగారు. మియాపూర్ అవతల కొత్తగా వచ్చిన కర్మాగారంలో ఆయన ఇంజనీరు, నేను గుమాస్తాను. పట్నంలో సుఖంగా ఉండక ఈ రాళ్ళ మధ్యకు ఎందుకొచ్చారో మా అమ్మ చంద్రమ్మకు అంతుపట్టలేదు.

"ఈడ కిరాయి తక్కువనా సారూ?"

"కాదు చంద్రమ్మగారూ. మీ ఊరి దారిలో మలుపులు ఎక్కువ."

అమ్మ లోపలికొచ్చి నా చెవిలో చెప్పింది. "మనిషి మంచోడే రామన్నా. గని జర కనిపెట్టుకోనుండు."

ఆ మలుపులు ఇప్పుడు లేవు. ఏనుగులంత బండలను పేల్చేసి, రోడ్డును స్కేలు పెట్టి గీసినట్టు వేశారు. రెండు వైపులా అద్దాల మేడలు లేచాయి. ఈ రోడ్డును చూస్తే పార్థసారథి గారు ఆ రోజే ఇల్లు ఖాళీ చేసేవారు.

బండి ఏ కంపెనీదో చెప్పను. దాన్ని తయారు చేసినవాళ్ళ తప్పు పిసరంత కూడా లేదు. వాళ్ళు మనుషులు కూర్చోవడానికి చేశారు, ఈయన పడుకోబెట్టడానికి కొన్నారు. వచ్చిన వారంలోనే రంపం తీసుకుని ఫుట్‌రెస్టుల కొసలు కోసేశారు. పాదం సగం ఇనుము మీద, సగం గాల్లో. చప్పుడు ఆగిపోయింది. ఆయన రెండు పూటలా కడుపునిండా భోంచేశారు. పుణ్యవతి గారు ఊపిరి పీల్చుకున్నారు.

అంతలో వెనక వాటాలోకి శ్రీనివాసరావు గారు వచ్చారు. మా కర్మాగారంలోనే అకౌంట్స్ ఆఫీసరు. విగ్రహం ఎంత భారీయో, మనసు అంత సున్నితం. భార్య రత్నమాల గారికి ఆయాసం. పట్నం పొగలో ఊపిరాడక అల్లాడిన మనిషి, మా ఊరి గాలికి నెల తిరిగేసరికి బావి దగ్గర నిలబడి కబుర్లు చెప్పేంతగా తేరుకున్నారు. చిక్కల్లా ఆయన రాకపోకల దగ్గరే వచ్చింది. కర్మాగారం బస్సు పెద్ద రోడ్డు దాకానే వచ్చేది. అంత దూరం నడవడానికి ఆయన మోకాళ్ళు ఒప్పుకునేవి కావు. ఒకరోజు ఒక స్కూటరాయన్ను ఎక్కించుకోమని అడిగితే, అతను నలుగురి ముందూ నవ్వి, "మీరెక్కితే నా బండి ఇగ లేవదు సారూ!" అన్నాడు. ఆ మాటతో శ్రీనివాసరావు గారు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. పట్నంలో ఇల్లు చూడమని నాకు చెప్పారు కూడా.

ఆ సాయంత్రం పార్థసారథి గారు వెనక వాటాకు వెళ్ళారు.

"శ్రీనివాసరావుగారూ, మీరు నాకొక సాయం చేయాలండి."

"నేనా? నీకా?"

"నా బండికి వెనకాల బరువు లేకపోతే రోడ్డు పట్టడం లేదండి. రోజూ మీరు కూర్చుంటే నాకు నిశ్చింత."

ఇది ఇంజనీరింగ్ కాబోలనుకుని నేను నమ్మాను. శ్రీనివాసరావు గారు కాసేపు ఆలోచించి, "సరేలే, నీకంత అవసరమైతే" అన్నారు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

మర్నాడు మలుపులో మళ్ళీ చప్పుడు వినబడింది. పార్థసారథి గారి పిచ్చి ముదిరింది. లింగంపల్లిలో మెకానిక్ వీరేశం షెడ్డుకు పోయి, ఫుట్‌రెస్టులను పైకి జరిపి వెల్డింగ్ చేయించారు. ఆ ఉత్సాహంలో బ్రేకు పెడల్ పాత చోటే ఉండిపోయిందన్న సంగతి ఇద్దరూ మరిచారు. ఆదివారం ఒక్కరే ఖాజాగూడ వైపు పరీక్షకు వెళ్ళారు. చెరువు కట్ట దిగేటప్పుడు ఆయన కాలు బ్రేకు కోసం వెతికింది, దొరకలేదు. బండితో సహా వెళ్ళి నీళ్ళలో ఆగారు. అక్కడ బర్రెలు కడుగుతున్న పోచమ్మ తలెత్తి చూసింది.

"ఏంది సారూ, నీ బండిని గూడ కడుగుతవా?"

"కాదమ్మా, పరీక్షిస్తున్నా" అన్నారు నడుముల్లోతు నీళ్ళలో నిలబడి.

తరువాత ఆయన చూపు వెనక స్ప్రింగుల మీద పడింది. కనబడిన ప్రతివాళ్ళకూ పాఠం చెప్పేవారు. మా అమ్మకు అరుగు మీది నులక మంచం చూపించి చెప్పారు. "నులక వదులైతే మంచం దిగుతుందా? అలాగే బండీ దిగుతుంది. దిగితే ఫుట్‌రెస్టు నేలకు దగ్గరవుతుంది. అంచేత నులక బిగించాలి, కోళ్ళు పొడుగు చేయాలి."

"మా మంచం జోలికి రాకు సారూ, నీ కాల్మొక్త!" అంది అమ్మ.

స్ప్రింగులు గట్టివి వేశారు. షాక్ అబ్జార్బర్లు పొడుగువి పెట్టారు. బండి వెనక భాగం దెబ్బలాటకు దిగిన కోడిపుంజులా లేచింది. ఇప్పుడు స్టాండు పొట్టిదైపోయి, ఎక్కడ నిలబెట్టినా పడిపోయేది. అందుకని జేబులో ఒక చెక్కముక్క పెట్టుకుని తిరిగేవారు. పుణ్యవతి గారు ఎక్కాలంటే అరుగు కావాలి. అరుగు లేని చోట ఆవిడ నడిచేవారు.

"ఇంకొక్క అంగుళం లేపారంటే నేను పుట్టింటికి వెళ్ళిపోతానండి."

"ఎలా వెళతావు? బండి ఎక్కలేవుగా."

"సారూ, దీనికి నిచ్చెన గూడ చెయ్యమంటవా?" అని వీరేశం వేళాకోళమాడేవాడు. కాని అందరికంటే ఎక్కువ వెక్కిరించింది శ్రీనివాసరావు గారే. సాయంత్రం బండి దిగుతూనే మొదలుపెట్టేవారు.

"ఏమయ్యా పార్థసారథీ, ఇవాళా నేలకు రాసుకుందే! ఎందుకీ తంటాలు?"

"ఇంకొక్క అరంగుళం అండి. కిటుకు దొరికిపోయింది."

పార్థసారథి గారికి ఒకే ఒక్క కోరిక ఉండేది. అప్పట్లో మోటార్ సైకిళ్ళ సరదా ఉన్నవాళ్ళు కొందరు చేరి, ఊరి బయట గుట్టల దారిలో పోటీ పెట్టేవారు. మలుపు తిప్పడంలో ఆయన్ను మించినవాడు లేడని వాళ్ళే ఒప్పుకునేవారు. ఆ పోటీ గెలవాలని డెబ్బై మూడులో పేరిచ్చారు. ఒంటరిగా తోలడానికి మెత్తటి స్ప్రింగులు సిద్ధంగా ఉంచమని వీరేశంతో చెప్పారు. పోటీనాడు పొద్దున్నే వాటిని బిగించుకుని, అటునుంచి అటే వెళ్ళాలని ఏర్పాటు.

ఆ ఆదివారం పొద్దున్నే రత్నమాల గారికి ఆయాసం ఎక్కువైంది. చాలా కాలం తరువాత అంత గట్టిగా రావడం అదే. శ్రీనివాసరావు గారు ముందు వాటా గుమ్మంలోకి వచ్చారు. పార్థసారథి గారు వెంటనే బండి తీశారు. ఆయన్ను వెనక ఎక్కించుకుని దవాఖానకు పోయారు. డాక్టరును జీపులో బయల్దేరదీసి, మందులతో తిరిగొచ్చారు. రత్నమాల గారి ఊపిరి నెమ్మదించేదాకా అక్కడే నిలబడ్డారు. తరువాత గడియారం చూసుకుని, వీరేశం షెడ్డుకు వెళ్ళే వ్యవధి లేక, ఆ రాతిలాంటి స్ప్రింగులతోనే పోటీకి పరుగెత్తారు. నేనూ సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను.

వెళ్ళకపోయినా బాగుండేది. ప్రతి గతుకుకూ బండి గాల్లోకి ఎగిరింది. మొదటి మలుపు ఎగురుతూనే దాటారు. రెండో మలుపులో బండి ఒక వైపు, ఆయన ఒక వైపు వెళ్ళారు. తుమ్మపొదలోంచి లేచి, ముళ్ళు పీక్కుంటూ నవ్వబోయారు.

"చూశావా రామన్నా? ఫుట్‌రెస్టు మాత్రం తగల్లేదు."

జనం పగలబడి నవ్వారు. గెలిచినవాడికి దండ వేస్తుంటే ఆయన చప్పట్లు కొడుతూ నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు దారంతా బండిని నడిపించుకుంటూ వచ్చారు. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు అదోలా అవుతుంది. ఆయన మళ్ళీ ఎప్పుడూ పోటీకి పేరివ్వలేదు.

మరుసటి ఏడు ఆయన్ను విశాఖకు బదిలీ చేశారు. బండి అమ్మకానికి పెట్టారు. కొనవచ్చిన ప్రతివాడూ ఒక చుట్టు తిరిగొచ్చి, నడుము పట్టుకుని దిగేవాడు. "ఇది బండి గాదు, గుర్రం సారూ. మీకో దండం" అని పోయేవాడు.

ఒకరోజు అలాంటివాణ్ణి సాగనంపి, పుణ్యవతి గారితో అన్నాను. "బంగారమసొంటి బండి అమ్మా. సారు చేజేతుల ఖరాబ్ చేసుకున్నడు."

ఆవిడ సామాను సర్దడం ఆపి, గొంతు తగ్గించారు. "ఆయనొక్కరికీ అయితే మొదట కొసలు కోసినప్పుడే సరిపోయింది రామన్నా. మిగిలిందంతా వెనకాల కూర్చునేవారి కోసం. బరువు వల్ల రాసుకుంటోందని తెలిస్తే శ్రీనివాసరావుగారు మళ్ళీ బండెక్కరు. పట్నం వెళ్ళిపోతారు. రత్నమాలగారి ఊపిరి ఏం కావాలి? అంచేత తన పిచ్చే అని అందరినీ నమ్మించారు. బరువు లేకపోతే రోడ్డు పట్టదనడం కూడా అబద్ధమే."

"నాకు తెలుసమ్మా" అన్న మాట వినబడింది. శ్రీనివాసరావు గారు వసారాలో నిలబడి ఉన్నారు. పుణ్యవతి గారు నాలుక కరుచుకున్నారు.

"మొదటి నెలలోనే తెలిసింది. నేను దిగితే బండి జానెడు లేచేది. అది కూడా కనపడదా నాకు?"

"మరి ఎన్నడు అనలేదేంది సారూ?" అన్నాను.

"అంటే ఎక్కడం మానేయాలి. మానేస్తే రత్నమాలను తీసుకుని ఇక్కణ్ణించి వెళ్ళాలి. అందుకని తెలియనట్టే ఉండి, పైగా వాణ్ణి వెక్కిరిస్తూ కూర్చున్నాను. ఆ ఏడాదంతా సాయంత్రం బజ్జీలు మానేశాను. స్ప్రింగు ఆ సంగతి గమనించినట్టు లేదు." ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "పోటీనాడు, రత్నమాల కాస్త కుదుటపడగానే, 'ఇక నువ్వు వెళ్ళు, స్ప్రింగులు మార్చుకో' అని ఒక్క మాట అనవలసింది. ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించి నోరు రాలేదు. వాడు గెలవాల్సినవాడు."

తరువాత శ్రీనివాసరావు గారు మెట్లు దిగి, బండి దగ్గరికి పోయి, హ్యాండిల్ పట్టుకుని, మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నారు. ఎవరికీ లొంగని ఆ స్ప్రింగులు బుద్ధిగా అణిగాయి. బండి సరిగ్గా ఎంత ఎత్తు ఉండాలో అంత ఎత్తుకు దిగింది.

అప్పుడే పార్థసారథి గారు గేటు తీసుకుని వచ్చి, ఆ దృశ్యం చూసి అక్కడే నిలబడిపోయారు.

"బండి నేను తీసుకుంటున్నానయ్యా."

"మీకు నడపడం రాదు కదండీ!"

"నేర్పు. నీకింకా వారం టైముంది."

నేర్పారు. ఆ వారం ఊళ్ళో కోళ్ళు ఇళ్ళలోంచి బయటికి రాలేదు. ప్రయాణం రోజున సామాను, పుణ్యవతి గారు, మా అమ్మ ఎడ్లబండిలో ముందు వెళ్ళారు. లింగంపల్లి స్టేషన్‌కు పార్థసారథి గారిని తానే దింపుతానని శ్రీనివాసరావు గారు పట్టుబట్టారు. నేను వెనకాల సైకిలు మీద. ప్రతి మలుపు దగ్గరా ఆయన బండి ఆపి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, మెల్లగా నెట్టుకుంటూ తిప్పేవారు.

"వంచండి సార్, వంచితేనే తిరుగుతుంది!" అని పార్థసారథి గారు వెనక నుంచి బతిమాలేవారు.

"తొందరేముందయ్యా?" అనేవారు శ్రీనివాసరావు గారు.

మేం చేరేసరికి పాసింజరు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద పుణ్యవతి గారు ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నారు. బండి దిగిన వాళ్ళిద్దరి ముఖాల్లోనూ రైలు తప్పిన విచారం మచ్చుకైనా లేదు.

"రేపు కూడా రైలుంది కదమ్మా" అన్నారు శ్రీనివాసరావు గారు.

"ఉందండి" అన్నారావిడ. "రేపు మీరిద్దరూ ఎడ్లబండిలో రండి."