మొదటి గిన్నెకు పది

మార్కుల మాస్టారు దేన్నీ ఊరికే అనుభవించరు. అనుభవించిన ప్రతిదానికీ పదికి ఇన్నని నోటుబుక్కులో మార్కులు వేసి తీరతారు. కాలేజీలో ఆయన చెప్పేది అర్థశాస్త్రం. ఒక వస్తువు మనకిచ్చే తృప్తిని ప్రయోజనం అంటారనీ, అదే వస్తువును వెంటవెంటనే వాడేకొద్దీ ఆ తృప్తి తరిగిపోతుందనీ మొదటి సంవత్సరం పిల్లలకు పాఠం. అందరూ పాఠాన్ని తరగతిలో వదిలేసి ఇంటికి పోతారు. ఈయన దాన్ని చంకనేసుకుని ఊరంతా తిరుగుతారు.

ఒకసారి పళ్ళ డాక్టరు ఆయన పన్ను పీకాడు. నోట్లో దూది ఉంది కదా అని మాస్టారు ఊరుకోలేదు, నాలుగు మార్కులని నాలుగు వేళ్ళు చూపించారు. డాక్టరు పాపం, ఇంకా నాలుగు పళ్ళు నొప్పిగా ఉన్నాయేమోనని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"పెళ్ళైన కొత్తలో నాకూ తొమ్మిది వేశారమ్మా," అని ఆయన భార్య ఒకరోజు క్యాంటీను వంటక్కతో చెప్పుకుంది. "ఇప్పుడెంతకు దిగిందండీ అంటే, 'నువ్వు సిలబస్‌లో లేవు' అని తప్పించుకున్నారు."

వంటక్కకు ఆవిడ మీద జాలేసింది. ఎందుకంటే రోజూ మధ్యాహ్నం ఆ నోటుబుక్కుకు బలయ్యేది తనే.

"మొదటి గిన్నె ఐదున్నర," అనేవారు మాస్టారు, సూపు చప్పరించి.

"అయ్యో, అంతేనా మాస్టారూ?"

"ఉప్పెక్కువ. రెండో గిన్నెకు మూడు. మూడోదానికి సున్నా."

"నాలుగోది పోస్తే?"

"పారిపోతాను."

ఇలా నవ్వుతూ తుళ్ళుతూ సాగిపోతుండగా కాలేజీకి కొత్త ప్రిన్సిపాలు వచ్చాడు. ఆయనకు తిండంతా బయటినుంచి డబ్బాల్లో మూతలు పెట్టి రావాలి. క్యాంటీను ఎత్తేసి, బయటి కంపెనీకి ఇచ్చేద్దామన్నాడు. పిల్లలు గోలపెడితే ఒక కమిటీ వేశాడు. శుక్రవారం పదకొండింటికి కమిటీ సూపు రుచి చూస్తుంది. సగటున ఏడు మార్కులు రాకపోతే పొయ్యి ఆర్పేయాల్సిందే. పన్నెండేళ్ళుగా వంటక్క ఇల్లు ఆ పొయ్యి మీదే నడుస్తోంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, కమిటీకి అధ్యక్షుడు ఎవరయ్యా అంటే మార్కుల మాస్టారు!

"మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క రెండు మార్కులు కలిపి వేయండి."

"కలపడమా! తప్పు తూచే త్రాసును ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా?" అని ఆయన ఇంతెత్తున లేచారు. వెళ్తూ వెళ్తూ, "గిన్నెలు మాత్రం చిన్నవి పెట్టు. సూపు రెండున్నరదాకా వేడిగా ఉండాలి," అన్నారు.

'ఈయన గుండె రాయి. ఆఖరికి నా గిన్నెల్లో కూడా ఆయనకు లోపమే కనబడింది,' అని వంటక్క ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయల వల్ల కాదు.

శుక్రవారం పదకొండింటికి కమిటీ క్యాంటీనులో కూర్చుంది. ప్రిన్సిపాలు, ఫిజిక్సు మేడం, లైబ్రేరియన్. మాస్టారు వెంట నల్లబల్ల తెప్పించారు.

"కొలిచే ముందు కొలతంటే ఏమిటో తెలియాలి కదా," అని మొదలుపెట్టారు.

పన్నెండున్నరకు తృప్తి నిర్వచనం అయింది. ఒంటిగంటకు మొదటి పటం. ఒకటిన్నరకు ఫిజిక్సు మేడం ఆవలించింది. రెండింటికి ప్రిన్సిపాలు కడుపులోంచి ఒక చప్పుడు వచ్చింది, దాన్ని కప్పిపుచ్చడానికి ఆయన దగ్గాడు. కడుపు మళ్ళీ అరిచింది. ఆయన మళ్ళీ దగ్గాడు. వంటగదిలోంచి సూపు వాసన తేలివస్తోంది.

"మాస్టారూ, ఇక చాలేమో..."

"ఒక్క పటం సార్. ఇది లేకపోతే మార్కులు శాస్త్రీయంగా ఉండవు."

సరిగ్గా రెండున్నరకు ఆయన సుద్దముక్క కిందపెట్టి, "వడ్డించమ్మా," అన్నారు.

ఎవరూ చెంచా ముట్టలేదు. గిన్నెలు నేరుగా నోటికెళ్ళాయి. ప్రిన్సిపాలు బ్రెడ్డు ముక్కతో గిన్నె అడుగు తుడిచి తిని, కళ్ళు మూసుకుని, "పది," అన్నాడు. లైబ్రేరియన్ పది. పదకొండు వేయొచ్చా అని ఫిజిక్సు మేడం అడిగింది.

ప్రిన్సిపాలు గిన్నె చాచాడు. వంటక్క గరిటె ఎత్తబోతే మాస్టారు అడ్డంపడ్డారు.

"వద్దు! పరీక్ష ఒక్క గిన్నెకే. రెండోది లెక్కలోకి రాదు."

"మరి మీ మార్కులు?"

"నేను పొద్దున్నే కడుపునిండా తిని వచ్చాను సార్. ఇవాళ నా నాలుక సాక్ష్యానికి పనికిరాదు."

క్యాంటీను నిలిచింది. ప్రిన్సిపాలు సంతకం పెట్టి వెళ్ళిపోయాక వంటక్కకు తాను పెట్టిన శాపనార్థాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ మనిషి మీద గౌరవం పొంగుకొచ్చింది.

"నిజం చెప్పండి మాస్టారూ, సూపు అంత బాగుందా?"

ఆయన ఒక చెంచా నోట్లో పోసుకున్నారు. "ఐదున్నర."

"మరి వాళ్ళ పదులు?"

"అవీ నిజమే. ఒట్టు పెట్టమన్నా పెడతారు."

వంటక్క బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఆకలి రుచెరగదని మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పేది. దానికి మూడున్నర గంటల పాఠమా?"

"ఒక్క ముక్కలో చెప్పేస్తే," అన్నారు మాస్టారు చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ, "వాళ్ళకు ఆకలెప్పుడు వేస్తుందమ్మా?"