చెయ్యి విరిగిన బెంచీ

తాళం వేశాక నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి, దాన్ని ఒకసారి లాగి చూడటం ఆమెకి అలవాటు. తాళం పడిందని తెలుసు. పడిన చప్పుడు చెవులారా వింది కూడా. అయినా వెనక్కి వచ్చేది. ఏటి ఒడ్డు పార్కులో పనిచేసేవాళ్ళు అది చూసి నవ్వుకునేవారు.

"తాళానికి జ్వరమేమో చూస్తోంది గేటమ్మ" అనేవాడు వెల్డరు.

పార్కులో ఆమెకి ఆ పేరే స్థిరపడిపోయింది.

పార్కులో రోడ్లు, గేట్లు, బెంచీలు, కుళాయిలు ఆమె చూసుకోవాలి. రోడ్లు రెండు. కట్ట మీద పై రోడ్డు, నీళ్ళ పక్కన కింది రోడ్డు. మామూలు రోజుల్లో జనమంతా కింది రోడ్డు మీదే నడిచేవారు. ఏరు పొంగితే ముందు మునిగేదీ అదే. మబ్బు పట్టి ఏరు రంగు మారిందంటే బెంచీల బోల్టులు విప్పి, చేతిబండి మీద ఒక్కొక్కటీ కట్ట మీది షెడ్డుకి చేర్చేవారు. ఏట్లో పాతిన కొలత రాయి మీది ఎర్రగీత తడవగానే గేటమ్మ ఈల వేసి, మిగిలిన జనాన్ని పైకి తోలి, కింది గేటు మూసేది. నీళ్ళు తీశాక బురద ఎత్తి, రోడ్డు కడిగి, బెంచీలు మళ్ళీ తెచ్చి బిగించేవారు.

గేటు నుంచి దూరపు కొస పల్లం కాబట్టి బెంచీలు విప్పడం అక్కడ మొదలయ్యేది. గేటు దగ్గరి బెంచీ అన్నిటికన్నా చివర షెడ్డుకి చేరి తలుపు పక్కనే ఉండేది. తెచ్చేటప్పుడు అదే ముందు చేతికి దొరికేది. బిగించడం గేటు దగ్గర్నుంచి మొదలు. అందువల్ల ఏ బెంచీ దాని చోటికి అది పోయేది. వరస ఎవరూ గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

ఆమె ఈ పనిలో చేరింది గడ్డి కోసేందుకు. అప్పట్లో ఊరి బస్సుకి ఆఖరి స్టాపు పార్కు గేటే. బస్సు తిప్పుకునే ముందు డ్రైవరు దిగి, కుళాయి దగ్గర మొహం కడుక్కునేవాడు. ఒకరోజు కుళాయి పాడైంది. ఆమె రెంచీ తెచ్చి బిగిస్తుంటే పక్కన నిలబడి చూశాడు.

"బస్సు బాగుచెయ్యడం కూడా వచ్చా?" అన్నాడు.

"బస్సుకి డ్రైవరున్నాడుగా. కుళాయికి ఎవరూ లేరు" అంది.

ఆ డ్రైవరుతోనే పెళ్ళయ్యాక గేటు పక్క క్వార్టర్లో కాపురం పెట్టారు. ఒక్కతే కూతురు. ఊరి అవతల స్థిరపడింది.

రిటైరైన కొన్నేళ్ళకి ఆయనకి మతిమరుపు మొదలైంది. ముందు దారులు పోయాయి. జీవితమంతా దారుల మీద బతికిన మనిషికి ముందు అవే పోయాయి. తరవాత పేర్లు. తరవాత కొన్ని పొద్దుల్లో భార్య కూడా. కింది రోడ్డు మాత్రం పోలేదు. తెల్లారగానే గేటులోంచి దిగి, ఒక్కో బెంచీ మీద చెయ్యి వేసి, పాత స్టాపుల పేర్లు ఒక్కొక్కటీ పిలుచుకుంటూ నడిచేవాడు. ఏ పేరు ఏ బెంచీదో ఎప్పుడూ తప్పేవాడు కాదు. దూరపు కొసన బెంచీకి ఒక చెయ్యి లేదు. ఒక వరదలో విప్పేలోపే దుంగ తగిలి విరిగింది. ఆ మొండి ఇనుము అరచేతికి తగలగానే "ఆఖరి స్టాపు, దిగండి దిగండి" అని కేకేసి, వెనక్కి తిరిగి, ఇంటికొచ్చి టీ అడిగేవాడు. గేటమ్మ కట్ట మీద పని చేసుకుంటూ ఓ కన్ను అటు వేసి ఉంచేది.

"అమ్మా, పనికెళ్ళేటప్పుడు తలుపుకి తాళం వేసుకో. డాక్టరు కూడా అదే అన్నాడు" అనేది కూతురు, వచ్చినప్పుడల్లా.

"గేట్లు ఏటికోసం మూస్తానే. మీ నాన్నకోసం మూయను."

"ఎటైనా వెళ్ళిపోతే?"

"ఎటు పోతాడు? ఆఖరి స్టాపు దాకా పోయి వస్తాడు."

ఆ ఏడు వరద కింది రోడ్డుని చాపలా చుట్టి పారేసింది. నీళ్ళు తీశాక ఇంజనీరు వచ్చి, బూట్లకి బురద పట్టించుకుని ఆ కొస దాకా నడిచి వచ్చాడు. మంచివాడే. కట్ట మీదికి ఎక్కి, ఆమెకి దూరంగా కాకుండా పక్కనే నిలబడి చెప్పాడు.

"ఇక కింది రోడ్డు వెయ్యమమ్మా. ఏటి చోటు ఏటికి వదిలేద్దాం. బెంచీలన్నీ పైన బిగించేస్తాం."

ఆమె కాదనలేదు. కాదనడానికి ఏముంది? ఆ రోడ్డుని ఏరు మింగడం, వీళ్ళు దాని నోట్లోంచి పీకడం, ఆమె ఎరిగినన్నాళ్ళూ అదే కథ. ఇంజనీరు చెప్పింది నిజం. నిజం కాకపోతే దెబ్బలాడి ఉండేది.

వెల్డరుతో మాత్రం ఒక మాట చెప్పింది. "వరస తప్పకూడదు తమ్ముడూ. చెయ్యి విరిగింది ఆ కొసనే ఉండాలి. మీ బావగారి సంగతి తెలుసుగా."

"వరస ఎప్పుడు తప్పిందక్కా?" అన్నాడు వెల్డరు.

బెంచీలు బిగించే రోజు ఆమె లేదు. ఆయన్ని తీసుకుని కూతురితో ఆసుపత్రికి వెళ్ళింది. మనుషులు తక్కువున్నారని వెల్డరు ట్రాక్టరు మాట్లాడాడు. షెడ్డు తలుపు దగ్గర్నుంచి ఒక్కొక్కటే ఎత్తి, దాని వెనక ట్రక్కులో ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఎప్పటిలాగే గేటు దగ్గర మొదలుపెట్టి, పైనున్నది ముందు దించారు. చేతిబండి రోజుల్లో ముందు ఎత్తింది ముందు దిగేది. ట్రక్కులో ముందు ఎత్తింది అడుగున పడింది. వరస మొత్తం తిరగబడింది. పై రోడ్డుకి వరద భయం లేదు కనుక ఈసారి బోల్టులు కాదు, కాళ్ళు సిమెంటులో పాతేశారు.

ఆమె తిరిగి వచ్చేసరికి చెయ్యి విరిగిన బెంచీ గేటు పక్కనే ఉంది. వెల్డరు దాని ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. అంతా అయ్యాకే చూసుకున్నాడు.

"పగలగొట్టనా అక్కా?"

ఆమె సిమెంటు మీద వేలు నొక్కింది. గట్టిపడింది.

"బెంచీ కాళ్ళు విరుగుతాయి. వదిలెయ్."

"నా బుద్ధి గడ్డి తింది."

"వదిలెయ్యి తమ్ముడూ. గడ్డి కోసినదాన్ని, అది తినేవాళ్ళని చాలామందిని చూశాను."

వాడు నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

మర్నాడు ఆయన గేటులోంచి పై రోడ్డు ఎక్కి మొదటి బెంచీ మీద చెయ్యి వేశాడు. మొండి ఇనుము తగిలింది. "ఆఖరి స్టాపు" అన్నాడు, కేకలా కాదు, అడుగుతున్నట్టు. ముందున్న రోడ్డుకేసి కాసేపు చూశాడు. తిరిగి ఇంటికొచ్చి కూర్చున్నాడు. టీ అడగలేదు. మళ్ళీ లేచి వెళ్ళి, చెయ్యి వేసి, మళ్ళీ వచ్చాడు.

"ఏంటి డ్రైవరు గారూ, ట్రిప్పు కొట్టకుండానే డిపోకా?" అన్నాడు రోజూ నడకకొచ్చే పెద్దమనిషి.

ఆమె చెయ్యి పట్టుకుని నడిపించబోయింది. "రండి. రోడ్డు ఇంకా ఉంది."

"దిగమన్నాక బండిలో ఉండకూడదమ్మా" అన్నాడు ఆయన, మర్యాదగా.

బెంచీ మీద టార్పాలిన్ కప్పి చూసింది. ఆయన దాని కిందికి చెయ్యి పోనిచ్చి విరిగిన చోటు వెతికి పట్టుకున్నాడు. అలా కొన్నాళ్ళు జరిగింది. ఇంట్లోంచి బెంచీకి, బెంచీ దగ్గర్నుంచి ఇంటికి. తిండి తగ్గింది. స్టాపుల పేర్లు కూడా ఒక్కొక్కటే పోయాయి, పిలవక.

ఒక మధ్యాహ్నం ఆమె కాలవ పూడిక తీయిస్తోంది. ఇంటికొచ్చి చూస్తే ఆయన లేడు. పై రోడ్డు మీద లేడు. కింది గేటుకి తాళం వేసింది వేసినట్టే ఉంది. దానికి అవతల, కంచె స్తంభాలని వరద పెకలించుకుపోయిన చోట బురదలో అడుగులున్నాయి. ఆమె పరుగెత్తింది. వెల్డరు చూసి వెనకాల దిగాడు.

పాత రోడ్డు కొసన, బెంచీ తీసేసిన సిమెంటు దిమ్మ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. చెప్పులు లేవు. ప్యాంటు నడుము దాకా తడిసి ఉంది. దిమ్మ పక్కనుంచే నీళ్ళు మెల్లగా పోతున్నాయి. ఆమె ఆ తడి చూసింది.

"ఇక్కడ బెంచీ ఉండాలమ్మా" అన్నాడు ఆమెతో. "ఎవరో పట్టుకుపోయారు."

"రండి, ఇంటికెళ్దాం."

"మా ఆవిడకి చెప్పాలి. ఇక్కడే పని చేస్తుంది. తాళం వేసి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తుంది. ఆవిడే. మీరు చూసే ఉంటారు."

"చూశాను."

"నేను కనపడకపోతే కంగారు పడుతుంది. వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

ఆమె ఆయన పక్కన దిమ్మ మీద కూర్చుంది. వెల్డరు కొంచెం దూరంలో ఆగి, అటు తిరిగి నిలబడ్డాడు. ఏటి మీద నుంచి గాలి వస్తోంది. ఆయన వణకడం మొదలయ్యాక ఆమె అంది.

"ఆవిడే పంపించింది నన్ను. మిమ్మల్ని తీసుకురమ్మంది."

ఆయన ఆమె మొహం చూశాడు. నమ్మాడు. లేచి చెయ్యి అందించాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె టీ పెట్టి ఆయనకిచ్చింది. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపింది. నీళ్ళ చెంబు, కండువా చేతికందేలా పెట్టింది. బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసి, తాళం వేసింది. నాలుగడుగులు నడిచింది. వెనక్కి వచ్చి లాగి చూసింది.

లోపల్నుంచి ఆయన కూడా తలుపు ఒకసారి లాగాడు.

"నీళ్ళొచ్చాయా?" అని అడిగాడు.

"వచ్చాయి" అంది ఆమె. "తీసేదాకా లోపలే ఉండండి."

తాళంచెవి కొంగున ముడేసుకుని పనికి వెళ్ళింది.