మా అత్త బొంత పారేసుడా?

ఎండలు ముదిరినంక ఓ పొద్దుగాల మా అత్త పోయింది. బోధన్ల మా గల్లీ అంత మా వాకిట్లకొచ్చి నిలవడ్డది. నాకు అత్త, గల్లీకంత అవ్వ. ఏడ్సుడు, సాగదోలుడు అయినంక మా మామకు అన్న అయ్యేటాయన, మేం పెద్దమామ అంటం, నన్ను పిలిచి చెప్పిండు: "కోడలా, ఆమె పక్కబట్టలు బయటికి తే. పోయినోళ్లయి ఇంట్ల ఉంచొద్దు. పొద్దుగూకకముందే పొలిమేర అవతల పారేసొస్త."

ఊరోళ్లందరు చేసేదే. కాని నాకు మనసొప్పలే. పక్కబట్టలంటె ఆమె బొంత. ఉల్లిపొట్టు సుత ఉత్తగ బయటికి పోనియ్యని మనిషి బొంతను పారేసుడా?

మా అత్త నవీపేట్ దిక్కు కాపుల బిడ్డ. నేను ఇందూర్ నుంచి కొత్తకోడలిగ వచ్చేటాళ్లకే వంటింటి వెనుక గోడకు గంపలు ఆనిచ్చి ఉండె. తొక్కలు ఒక దాంట్ల, అవి బర్రె కుడితిలకు. చినిగిన బట్టలు ఇంకో దాంట్ల. బూడిదకు ఓటికుండ, గిన్నెలు తోమంగ మిగిలింది వంకాయ చెట్ల మీద సల్లేది. బెల్లం వండే కాడ మిగిలిన చెరుకు పిప్పి తెచ్చి, ఎండేసి, పొయ్యిల పెట్టేది. ఇగ దేనికీ అక్కరకు రానిది పెరట్ల గుంతల వడి పసుపు చేనుకు ఎరువయ్యేది. "వాకిలి ఊడిస్తె బయటికి దుమ్ము పోవాలె గని సొమ్ము పోవద్దు," అనేది.

ఒకపారి మా బాపు వచ్చిండు. నల్లటోపీ, ఇస్త్రీ కోటు, పెద్దమనిషి. అరటిపండు తిని తొక్క తీస్కపోయి బట్టల గంపలేసిండు. మా అత్త నడుం మీద చెయ్యి వెట్టి, "అన్నా, మా బర్రె బట్టలు కట్టదు, తొక్కలు తింటది. గా పక్క గంపలెయ్యి," అన్నది. మా బాపు వంగి తొక్క తీసి పక్క గంపలేసిండు. పోంగ పోంగ నాతోని, "బిడ్డా, మీ అత్త తహసీల్దారు కావాల్సిన మనిషి," అని నవ్విండు. ఆ నెలనే ఇందూర్ల మా అమ్మ సుత గంపలు పెట్టింది. నేను గల్లీ అంత చెప్పుకున్న, చెప్పుకోనా మరి!

ఎనుకనుంచి పిసినిది అనేటోళ్లు లేకపోలేదు. చెవుల వడితె ఊకునేదా? "పిసినిది దాసుకుంటది. నేను వాడుకుంటున్న. రాండ్రి, మీకు సుత నేర్పుత," అనేది. చీరె చినిగితె పిల్లలకు లంగ, లంగ చినిగితె బొంతల అతుకు, బొంత చినిగితె మసిగుడ్డ, ఆఖరుకు దీపంల ఒత్తి. మా ఇంట్ల బట్టకు సావు లేకుండె.

పాత బట్టలకు గిన్నెలిచ్చే మరాఠామె ఒకతి వచ్చేది. మా అత్త బొంత మీద ఆమె కన్ను వడ్డది. ఎర్రంచు అత్త పెండ్లి చీరెది, నడుమ తెల్లది పోయిన మా మామ దోతి, మూలకు మా ఇంటాయన చిన్నప్పటి అంగీ. రాగి చెంబు ఇస్తనన్నది. "చెంబు బజార్ల దొరుకుతది. మా ఆయన దోతి ఏ బజార్ల దొరుకుతది?" అన్నది అత్త. ఆ మరాఠామె చెంబు మూటల వెట్టుకోని లేసింది.

ఈ యాడాది శివరాత్రికి చలి పోయినంక, బొంత ఉతికి సందుగల పెట్టిన అన్నది అత్త. అప్పటికే దగ్గుతోని బక్కవడ్డది. అయినా పొద్దంత అరుగు మీద కూసోని, దబ్బనం వట్టి చిన్నచిన్న బొంతలు కుడ్తుండె. పక్కింటి బీడీలు చుట్టే పిల్ల నిండు గర్భిణి, గల్లీల ఇంకొందరు సుత కడుపుతోని ఉండిరి. పుట్టిన పిల్లకు మొదలు పెద్దోళ్ల పాత బట్టలే చుట్టాలె, వాళ్ల ఆయుసు వస్తదంటరు మా దిక్కు. "గంపల గిన్ని పాతలు యాడియి అత్తా?" అని అడిగితె, "నీ పని నువ్వు సూస్కో పిల్లా," అన్నది.

గిప్పుడు సందుగ తెరిస్తె ఏమున్నది? ఓ దారపుండ, దబ్బనం. అంతే.

పెద్దమామ నమ్మలే. "కోడలా, యాడ దాసినవ్? మంచిది కాదు," అని గద్దించిండు. ఆ లొల్లికి పక్కింటి పిల్ల, చంటిబిడ్డను ఎత్తుకోని గోడ అవతలికొచ్చింది. బిడ్డకు చుట్టిన బొంత చూసిన. ఎర్రంచు. నడుమ తెల్ల దోతి.

ఆమెకు సుత సమజైంది. మొఖం తెల్లవోయింది. "అక్కా, గిది అవ్వ ఇచ్చింది. పోయినామెది కప్పొద్దా?" అని విప్పవట్టింది.

"ఆగు!" అన్న. పెద్దమామ ముందట ఎన్నడూ గొంతు లేపని నేను, ఆ దినం లేపిన. "మామా, మీరు అడిగే బొంత గదే. బతికుండంగ తన చేతుల్తోని విప్పి, కుట్టి, పంచింది. గది పోయినామెది కాదు, గా పిల్లది. పారేస్తరా? చెప్పుండ్రి."

పెద్దమామ గోడ దాక నడిచిండు. తమ్ముని దోతి ముక్కను చూపుడు వేలుతోని ముట్టిండు. 

"కప్పు బిడ్డా, పొల్ల లేస్తది," అన్నడు. ఎనుకకు మళ్లి, అత్త పండుకున్న చినిగిన చాప ఒక్కటి చంకల వెట్టుకోని, "మరదలా, నువ్వే గెలిచినవ్," అనుకుంట పొలిమేర దిక్కు పోయిండు.

పోయినంక పారేస్తరని ఆమెకు తెలుసు. అందుకే పారేసేటందుకు ఆ చాప తప్ప ఏం మిగల్చలే. అసొంటి మనిషికి కోడలినని తల ఎత్తి చెప్పుకుంట.

ఇయ్యాల వాకిలి ఊడుస్తుంటె పక్కింట్ల ఊయల కిర్రుమన్నది. పొల్ల లోపల నుంచి కాలుతోని తన్నుతున్నది. తన్నినప్పుడల్లా ఎర్రంచు ఊయల బయటికొచ్చి, మల్ల లోపలికి పోతున్నది.