చాయ్‌కి ముందు ఒక కొత్త చప్పుడు

మా నాయినకు ఒక కన్ను నేను పుట్టకముందే పోయింది. రెండోది పోలీసు చర్య అయిన నాలుగేళ్లకు, నాకు పదేళ్లప్పుడు, తాండూరు నాపరాయి గనిలో ఉలి కింద నుంచి ఎగిరిన పెచ్చు తగిలి పోయింది. రైల్లో వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. పది రోజులకు మిట్టమధ్యాహ్నం పూట కట్టు విప్పితే, దీపం ఎందుకు పెట్టలేదని అడిగాడు. అట్లాగే ఇంటికి తెచ్చుకున్నాం.

వచ్చి గోడవైపు తిరిగి మంచం పట్టాడు. బతిమాలితే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. తనను ఎందుకు సాకుతున్నారని అనేవాడు. ఈ మనిషి ఏడాది కూడా బతకడని చుట్టాలు మా ముందే అన్నారు. నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. అదే నాకు ఆమె మీద కోపం.

పైగా అమ్మ ఒక కొత్త పద్ధతి పెట్టింది. పొద్దున్నే చాయ్ కాచి, గ్లాసు చేతికివ్వకుండా మంచం పక్కన నిలబడి అడిగేది: "ఏం ఇనొచ్చె ఈయాల?"

కొత్తగా విన్న చప్పుడొకటి చెప్పాలి. నిన్న చెప్పింది చెల్లదు. చెప్పేదాకా చాయ్ లేదు. మొదటి రోజు నాయిన గ్లాసును చేత్తో కొట్టాడు. అమ్మ నేల తుడిచి, మళ్లీ కాచి, మళ్లీ అడిగింది. చూపు పోయిన మనిషితో ఈ ఆటలేమిటని నేను మండిపడ్డాను. నీది రాతిగుండె అని ముఖం మీదే అనేశాను.

మూడో రోజు చాయ్ కోసం ఆగలేక "రైలు" అన్నాడు. తర్వాత పిచ్చుకలు, బావి గిలక, పక్కింటి కన్నడపామె జొన్నరొట్టె తట్టడం. సులువైనవి పది రోజుల్లో అయిపోయాయి. ఇక వెతుక్కోవలసి వచ్చింది. గోడకేసి పడుకుంటే ఏం వినపడుతుంది, ఇటు తిరిగాడు. కొన్నాళ్లకు లేచి కూర్చున్నాడు. చలికాలానికల్లా మాకంటే ముందే లేచి గుమ్మంలో కూర్చునేవాడు. ఒకరోజు, ఇంటి వెనక కందిచేను ఎండిందన్నాడు. గాలికి కాయల్లో గింజలు కదులుతున్నాయట. నేను చేనులోకి పోయి, ఊపిరి బిగబట్టి విన్నాను. నిజమే, చేనంతా సన్నగా గలగలమంటోంది. మర్నాటి నుంచి నేనూ చాయ్ ముట్టేముందు ఒక చప్పుడు వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ మానలేదు.

ఎండాకాలంలో గిన్నెలు తోమే చోట పరవడానికి నాపబండలు తెప్పించాం. బండివాడు ఒక్కొక్కటీ దించి పెడుతుంటే నాయిన గుమ్మంలోంచి అన్నాడు.

"మూడో బండ వాపస్ తీస్కపో. లోపల పగిలింది."

బండివాడు నవ్వి, నన్ను పిలిచి చూడమన్నాడు. అద్దంలా నున్నగా ఉంది. ఎంత వెతికినా చిన్న గీత లేదు. నాయిన పరువు పోతుందని నాకు భయమేసింది. అమ్మ మాత్రం బిందెడు నీళ్లు తెచ్చి దాని మీద పోసింది. ఎండకు బండంతా ఆరిపోయింది. నడుమ వెంట్రుకంత తడి మాత్రం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నల్లగా మిగిలింది. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడిపోయాం. బండివాడు నాయిన వైపు తిరిగి దండం పెట్టాడు, ఆయనకు కనపడదన్న సంగతి కూడా మరిచిపోయి.

ఆ మాట గని దాకా పోయింది. బండలు మోగించి మంచివేవో పగిలినవేవో తేల్చే పనికి రమ్మని మేస్త్రీ కబురు పంపాడు.

పనికి పోయే పొద్దున నాయిన తలకు రుమాలు చుట్టుకుని సిద్ధమయ్యాడు. అమ్మ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, ఏమీ అడగకుండా పోయి పొయ్యి ముందు అటు తిరిగి కూర్చుంది. ఆయన తాగలేదు.

"అడగవా?" అన్నాడు.

ఆయన గ్లాసు పట్టుకుని పొయ్యి వైపు చెవి పెట్టాడు.

"ఈయాల కొత్తది ఇనొచ్చింది," అన్నాడు మెల్లగా. "నువ్వు ఏడుస్తున్నవ్."

అదే ఇంట్లో, రెండు కళ్లూ ఉన్న నాకు ఆ సంగతి తెలియలేదు.