దయ్యం సినిమాలో కొత్త తువ్వాలు

ఈ రోజు నకరికల్లు దగ్గర పత్తిచేలో నేను తీస్తున్న చిన్న దయ్యం సినిమా షూటింగ్ జరిగింది. ముఖమంతా పత్తి మొలిచిన మనిషి చేలోంచి లేచి, తన పెద్దకర్మ భోజనాల్లో చివరి బంతికి కూర్చున్న ప్రియుడి పక్కన వచ్చి కూర్చుంటాడు. ఆ ప్రియుడి వేషం నాదే. నిజంగానూ ఆ ప్రియుణ్ణి నేనే. పోయినేడు నా శీను చనిపోయినప్పుడు వాళ్ళింట్లో నన్ను ‘ఫ్రెండ్’ అని చెప్పి చివరి బంతిలోనే కూర్చోబెట్టారు.

మా సంగతి తెలిసినా తెలియనట్టే ఉండే పక్కింటి సుబ్బాయమ్మ పిన్నిది వడ్డించే వేషం. దయ్యాన్ని చూసి ఆవిడ కెవ్వున అరవాలి. అరవలేదు. సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి నా భుజాల మీద కప్పింది.

“పిన్నీ, అరవాలి కదా!” అన్నాను.

“అరుస్తాలేరా. తోడు పోయినోళ్ళకి అయినోళ్ళు కొత్తబట్టలు పెట్టాల. నీకెవరన్నా పెట్టారా?”

“లేదు.”

“మరింకేంది? నేను పెడుతున్నా, కప్పుకో.”

దయ్యం వేషం వేసిన మా మిత్రుడు ఏడ్చేశాడు. జిగురు తడిసి ముఖం మీది పత్తంతా అన్నంలో రాలింది. ఆ తర్వాత పిన్ని మాట ప్రకారం ఎంత చక్కగా అరిచిందంటే, పక్కచేలో కూలీలు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

నేను మాత్రం తువ్వాలు కప్పిన షాటే ఉంచుతున్నాను. ఇంతకీ చెప్పండి, దయ్యానికి ఎవరూ భయపడని దయ్యం సినిమా మీరు చూస్తారా?